పేరు లేని బటన్

ఫిల్మ్‌నగర్‌లో పెద్ద రోడ్డు దిగి, సినిమా బట్టలు కిరాయికిచ్చే దుకాణం పక్క సందులోకి తిరిగితే పద్మప్రియ వాళ్ళ డబ్బింగ్ స్టూడియో వస్తుంది. పాత ఇంటి కింది భాగం అది. కిటికీలన్నీ మూయించి, గోడలకు మెత్తటి పలకలు కొట్టించి, వాళ్ళమ్మ అనసూయమ్మ దాన్ని స్టూడియోగా మార్చింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటే మిట్టమధ్యాహ్నమైనా పగలని తెలియదు. బయట పెళ్ళి ఊరేగింపు వెళ్ళినా శవయాత్ర వెళ్ళినా మనకొకటేనని అనసూయమ్మ నవ్వుతూ ఉండేది.

ఆవిడ పోయి ఏడాది దాటింది. పోయే ముందు ఒక ఆడియో కథల కంపెనీ కోసం పెద్ద సీరియల్ చదువుతుండేది. ఒకే ఇంట్లో కాపురం చేసే ముగ్గురు తోడికోడళ్ళ కథ. రెండో కోడలు గది తలుపు లోపల గడియ పెట్టుకుని కూర్చుంటే, బయట ఎవరో తట్టిన చోట ఆ భాగం ఆగింది. మర్నాడు ఉదయం అనసూయమ్మ కాఫీ కలుపుకుంటూ వంటింట్లోనే ఒరిగిపోయింది. తలుపు తట్టిందెవరో చెప్పమని వినేవాళ్ళు ఇప్పటికీ కంపెనీని అడుగుతూనే ఉన్నారు.

కంపెనీ వాళ్ళు పద్మప్రియకు రెండు దారులు చూపించారు. ఆ గొంతు తర్వాత విన్నా చెవికి ఎబ్బెట్టుగా తోచని గొంతును నెలాఖరులోగా వెతికి తేవాలి. లేదంటే అనసూయమ్మ పాత రికార్డింగులన్నీ వాళ్ళకు ఇచ్చేయాలి. వాటిలోంచి కంప్యూటర్‌తో గొంతు తయారుచేసి మిగతా కథంతా ఆవిడ చేతే చదివించుకుంటారు. కంపెనీ తరఫున మాట్లాడే వర్ణిక చాలా మర్యాదగల పిల్ల. "నిజం చెప్పాలంటే ఆంటీ, మాకదే ఈజీ. మీరు బాధపడతారనే ఆగాం," అంది.

అది బాధో భయమో పద్మప్రియకే తెలియలేదు. జన్మంతా వేరేవాళ్ళ ముఖాలకు గొంతు అరువిచ్చిన మనిషి, పోయాక కూడా రోజూ పనిలోకి రావాలా అనుకునేది. కానీ స్టూడియోకు మిగిలిన పెద్ద పని అదొక్కటే. అది కూడా చేజారితే తలుపుకు తాళం వేసుకోవడమే. అమ్మను యంత్రానికి అప్పగించకుండా, స్టూడియోకు తాళం పడకుండా ఉండాలంటే ఆమెకు కావలసింది ఊపిరున్న ఒక గొంతు.

అందుకే వెబ్‌సైట్ పెట్టించింది. ఎక్కడి వాళ్ళయినా అందులో కథలో ముక్క చదివి, పేరూ ఫోన్ నంబరూ రాసి పంపవచ్చు. సైట్ చేసిపెట్టింది ఓంప్రకాష్. ఆయన సినిమా పోస్టర్లు గీసే మనిషి. ఫిల్మ్‌నగర్‌లో ఎవరికి ఏం ప్రకటించాలన్నా పోస్టర్ గీసేవాడి దగ్గరికే వెళ్తారు. పద్మప్రియకూ వేరే ఆలోచన రాలేదు. ఆయన కూడా సినిమా టైటిల్ గీసినంత శ్రద్ధగా ప్రతి పేజీనీ గీశాడు. ముదురు ఎరుపు మీద బంగారు రంగు అక్షరాలు. మొదటి పేజీలో దండ వేసిన అనసూయమ్మ ఫోటో, దాని చుట్టూ దీపాల వెలుగు. కంప్యూటర్‌లో టైపు కొట్టిన అక్షరం ఒక్కటి కూడా లేదని, అంతా తన చేత్తో గీసిందేనని గర్వంగా చెప్పుకున్నాడు. చూసినవాళ్ళంతా కళ్ళు చెదిరిపోయాయన్నారు.

గొంతులు వచ్చాయి, బోలెడు వచ్చాయి. కొన్ని ముద్దుముద్దుగా, కొన్ని వార్తలు చదివినట్టుగా, కొన్ని అనసూయమ్మను ఎగతాళి చేసినట్టుగా ఉన్నాయి. సౌండ్ ఇంజనీర్ కమలాకర్, పద్మప్రియ ప్రతి మధ్యాహ్నం కూర్చుని విని, ఒకదాని తర్వాత ఒకటి తీసేసేవాళ్ళు. కమలాకర్‌ది షేక్‌పేట. కుర్రతనంలోనే అనసూయమ్మ దగ్గర పనిలో చేరి, ఆవిడ గొంతు వింటూనే ముప్పై దాటాడు.

ఒకరోజు పద్మప్రియ అన్నం డబ్బా మూత తీస్తుండగా అతను తర్వాతి రికార్డింగు నొక్కాడు. పేరు లేదు, నంబరు లేదు. కాసేపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఆ తర్వాత గదిలోని స్పీకర్లలోంచి అనసూయమ్మ మాట్లాడింది.

"చిత్రం. చిత్రం. పేరు లేని బటన్. చిత్రం. పేరు లేని బటన్. పేరు లేని బటన్."

పద్మప్రియ చేతిలోని మూత డబ్బా మీదే ఆగిపోయింది. పోలిక కాదది, అనుకరణ అంతకంటే కాదు. 'చిత్రం' అన్నప్పుడు చివర పెదవులు మూసుకునే తీరు, 'పేరు'లో కొద్దిగా సాగే దీర్ఘం, చిన్నప్పటినుంచి ఆమెను నిద్ర లేపిన గొంతు అది. నిమిషం పాటు అవే మాటలు అటూ ఇటూ తిరిగాయి. చీకటి ఇంట్లో ఎవరో గోడలు తడుముకుంటూ గుమ్మం వెతుక్కుంటున్నట్టుంది. నిమిషం కాగానే రికార్డింగు దానంతటదే ఆగింది.

కమలాకర్ మళ్ళీ పెట్టి, తెర మీద కదిలే గీతలను దగ్గరగా జరిగి చూశాడు.

"అక్కా, ఇది అమ్మనే. కానీ ఊపిరి లేదు."

డబ్బింగ్ మనుషులకు మాట కన్నా ముందు వినపడేది ఊపిరి. మాటకు ముందు పీల్చడం, మాట తర్వాత వదలడం. హీరోయిన్ పరుగెత్తి వస్తే ఆయాసం కూడా వీళ్ళే పడాలి. అనసూయమ్మ ఊపిరిని కూడా నటించేది. ఇందులో మాటకూ మాటకూ మధ్య గీత చదునుగా, కొట్టేసినట్టుగా ఉంది. విచిత్రమేమిటంటే, వెనకాల దూరంగా ఇంకెవరిదో ఊపిరి వినపడుతోంది. మాటలు ఒకరివి, ఊపిరి ఒకరిది.

పద్మప్రియకు ముందు వర్ణిక మీదే అనుమానం వచ్చింది. తాను ఒప్పుకోకముందే గొంతు తయారుచేసి, చూడండి ఎంత బాగా వచ్చిందోనని పంపారేమో. ఫోన్ చేసి అడిగితే ఆ పిల్ల నిజంగానే కంగారుపడింది. మీ సంతకం లేకుండా మేమలాంటి పని చెయ్యం ఆంటీ అని ఒట్టు పెట్టినంత పని చేసింది. ఫోన్ పెట్టేశాక పద్మప్రియకు భయం తగ్గలేదు. కంపెనీ వాళ్ళు కాకపోతే మరెవరు?

మర్నాడు కూడా వచ్చింది. ఆ తర్వాతి రోజూ వచ్చింది. ప్రతిసారీ అదే గొంతు, అవే మాటలు, అదే నిమిషం. ఒక రోజు మధ్యలో "ఫైనల్ ఫైనల్ కొత్తది రెండు" అంది. ఇంకో రోజు "రెడ్ బ్యాక్‌గ్రౌండ్ ఓకే" అంది. బతికున్నప్పుడు అనసూయమ్మ నోట ఎన్నడూ రాని మాటలవి.

తన స్థానంలోకి మనిషిని వెతుకుతుంటే తనే పరీక్షకు వచ్చి నిలబడుతోందన్న ఆలోచన పద్మప్రియకు వచ్చింది. వచ్చాక ఒక పట్టాన వదల్లేదు. ఇంట్లో కూరగాయలు తరుగుతుంటే వెనకనుంచి ఎవరో "పేరు లేని బటన్" అన్నట్టయి తిరిగి చూసేది. భర్త శ్రీనివాసులుతో చెబితే ఆయన పేపరు దించి, సరిగ్గా నిద్రపోతున్నావా అని మాత్రం అడిగాడు. ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండి, ఇంకెవరికీ చెప్పడం మానుకుంది.

కమలాకర్ మాత్రం దెయ్యాన్ని నమ్మేవాడు కాదు. నమ్మకపోయినా, ఆ రికార్డింగులు వినేటప్పుడు గది తలుపు ఓరగా తీసి పెట్టుకునేవాడు. అతను సైట్‌కు వచ్చిపోయేవాళ్ళ లెక్క తెరిచి చూపించాడు. గొంతు పంపినవాళ్ళు కాక ఇంకా చాలామంది వస్తున్నారు. వచ్చి, చాలాసేపు ఉండి, ఏదీ చెయ్యకుండా వెళ్ళిపోతున్నారు. మళ్ళీ వస్తున్నారు. మళ్ళీ అంతే.

"ఎవరు వీళ్ళు?" అంది పద్మప్రియ.

"తెల్వది అక్కా. వస్తున్నరు, నిలబడుతున్నరు, పోతున్నరు."

ఆ వారం చివర వచ్చిన రికార్డింగులో గొంతుతో పాటు కుట్టుమిషన్ చప్పుడు వినపడింది. అనసూయమ్మ "పేరు లేని బటన్" అంటుండగా మిషన్ ఆగింది. ఎవరో పెద్దామె దూరంనుంచి, ఇంకా అదే ముంగటేసుకుని కూసున్నవా స్ఫూర్తీ అని కసిరింది. ఆ ఊపిరి తీసుకుంటున్న మనిషి మొదటిసారి నోరు తెరిచింది. పడుచు గొంతు.

"ఏం జెయ్యాలె అమ్మా. యాడ ముట్టినా పేరు లేని బటనే అంటది. లోపల ఏముందో ఆమెకే తెల్వనట్టుంది పాపం."

దాని వెనకే బోరబండ అంటూ రైల్వే స్టేషన్ మైకు గాలిలో తేలి వచ్చింది. నిమిషం అయిపోయింది.

పద్మప్రియ వెంటనే మళ్ళీ వర్ణికకు ఫోన్ చేసింది. బోరబండలో స్ఫూర్తి అనే పేరుతో వాళ్ళ కథలు వినేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది. వర్ణిక వెతక్కుండానే చెప్పింది. ఉన్నారు, కళ్ళు కనిపించవు ఆమెకు, సీరియల్ మిగతా భాగాలు ఎప్పుడని వారం వారం అడుగుతుంది. వివరాలకు స్టూడియో వెబ్‌సైట్ చూడమని తామే చెప్పామంది. నంబరు ఇవ్వకూడదు గనక పద్మప్రియ నంబరు ఆమెకు పంపింది. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి సంతోషానికి అంతులేదు. అనసూయమ్మ గారి స్టూడియోనేనా అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

ఆదివారం పొద్దున పద్మప్రియ, కమలాకర్ బోరబండ వెళ్ళారు. గుట్ట మీదికి ఎక్కే సిమెంటు మెట్ల పక్కన రెండు గదుల ఇల్లు. తల్లి బుచ్చమ్మ చీరలకు ఫాల్ కుడుతుంది. స్ఫూర్తి ఇంట్లోనే కూర్చుని ఒక బ్యాంకుకు వచ్చే ఫోన్లు మాట్లాడే ఉద్యోగం చేస్తుంది. చాప మీద ఒళ్ళో పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. తెర మూసినట్టే దించి ఉంది. ఆ తెరతో ఆమెకు పని లేదు.

బుచ్చమ్మ కుర్చీలు తుడిచి వేసింది. "ఆమె దినమంతా దాంతోనే మాట్లాడతది అమ్మా. నాతోని గంత మాట్లాడదు," అంది.

"అమ్మకు కుల్లు," అని నవ్వింది స్ఫూర్తి. "తెర మీద ఏమున్నా సదివి వినిపిస్తది మేడం ఇది. గొంతులు శానా ఉంటయి, మనకు నచ్చింది పెట్టుకోవచ్చు. మీ సీరియల్ విన్నంక తెలిసింది నాకు. ఇన్నేండ్లసంది నా కంప్యూటర్ల మాట్లాడేది ఆమెనే అని."

అప్పుడు గుర్తొచ్చింది పద్మప్రియకు. తన పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు అమ్మ కొన్నాళ్ళపాటు రోజూ ఎక్కడికో వెళ్ళి చదివి వచ్చేది. తలా తోకా లేని వాక్యాలు చదివిస్తున్నారే, మామిడికాయ అంటే వెంటనే రాజ్యాంగం అంటారు, కంప్యూటర్‌కు మాటలు నేర్పుతారట అని నవ్వుకునేది. పిల్లలకు అన్నం పెట్టే తొందరలో పద్మప్రియ ఆ మాట చెవిన వేసుకోలేదు.

స్ఫూర్తి ఏదో మీట నొక్కింది. గదిలో పురుగు రొద చేసినట్టు సన్నటి చప్పుడు మొదలైంది. తాను మామూలుగా ఇంత జోరుగానే వింటానని, తెలియని సైట్లలోనే నిదానం చేసుకుంటానని, ఇప్పుడు వాళ్ళకోసం కూడా నిదానం చేస్తానని అంది. రొద నెమ్మదించి మాటలైంది. మాటలు అనసూయమ్మ గొంతులోకి దిగాయి. ఆవిడ కరెంటు బిల్లు గడువు చెప్పింది. గ్యాస్ బండ బయల్దేరిందంది. నిన్నటి పేపర్లో యూసుఫ్‌గూడలో ఎవరో ముసలాయన చనిపోయిన వార్త చదివింది. అన్నిటికీ ఒకటే స్వరం, ఒకటే తీరు, ఎక్కడా ఊపిరి లేదు. బుచ్చమ్మ అది వింటూనే సూదిలో దారం ఎక్కించుకుంది. ఈ ఇంట్లో తన తల్లి రోజూ పొద్దున లేచి పనిలోకి దిగుతోందని పద్మప్రియకు అర్థమైంది.

"ఇగ మీ సైట్ చూడున్రి," అంది స్ఫూర్తి.

బుచ్చమ్మ టీ పెట్టడానికి లోపలి గదిలోకి వెళ్ళింది. కమలాకర్ తెర పైకెత్తాడు. ఎరుపు, బంగారం, దీపాలు. నడుమ దండ వేసిన ఫోటో. దాని కింద ఓంప్రకాష్ ఒంపులు తిప్పి గీసిన పెద్ద అక్షరాలు: 'అనసూయమ్మకు శ్రద్ధాంజలి. ఆమె కథను కొనసాగించే గొంతు కోసం వెతుకుతున్నాం.'

"చిత్రం," అంది అనసూయమ్మ.

చేత్తో గీసిన అక్షరాలు ఆ యంత్రానికి ఉత్త బొమ్మలే. స్ఫూర్తి కిందికి జరిపింది. ఎలా పంపాలో రాసి ఉన్న పేజీ అంతా కలిపి ఇంకో చిత్రం. ఫోన్ నంబరు ఇంకో చిత్రం. ఓంప్రకాష్ తన కంప్యూటర్‌లో బొమ్మలను దాచుకున్నప్పుడు పెట్టుకున్న పేర్లే ఫైనల్ ఫైనల్ కొత్తది రెండు, రెడ్ బ్యాక్‌గ్రౌండ్ ఓకే. మైకు బొమ్మను నొక్కితే రికార్డింగు మొదలవుతుంది. కానీ అది మైకని చెప్పే మాట ఎక్కడా లేదు. మైకు వాడుకోవచ్చా అని ల్యాప్‌టాప్ అడిగితే ఎందుకో ఏమోనని సరే అన్నానని, ఆ తర్వాత మిగతా బటన్లన్నీ ఒక్కొక్కటి ముట్టి చూసేదాన్నని స్ఫూర్తి చెప్పింది. వాటిలో పంపే బటన్ కూడా తగిలేది గనక, ఆ తడుములాటే నిమిషం నిమిషం ముక్కలై స్టూడియోకు చేరేది.

"కథలు వినేటోళ్ళల్ల మా అసొంటోళ్ళే శానామంది మేడం. మా గ్రూపుల అందరం ట్రై చేసినం. సూపు తగ్గిన ముసలోళ్ళు గూడ. బంగళా మంచిగనే కట్టిన్రు గని దర్వాజ లేదని నవ్వుకున్నం."

వచ్చి, నిలబడి, వెళ్ళిపోయిన వాళ్ళెవరో కమలాకర్‌కూ పద్మప్రియకూ అప్పుడు తెలిసింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

బుచ్చమ్మ టీ ఇచ్చింది. స్ఫూర్తి గ్లాసు పట్టుకుని, కొంచెం సిగ్గుపడుతూ అడిగింది. "అనసూయమ్మ గారు బాగున్నరా మేడం? మిగిలింది ఎప్పుడు సదువుతరు?"

పద్మప్రియ నోరు తెరిచింది. అదే సమయానికి ఒళ్ళోని యంత్రంలో ఏదో సందేశం వచ్చి, "ఒక కొత్త మెసేజ్ ఉంది," అంది అనసూయమ్మ. ఆ గొంతు వినపడుతుండగా ఆ మనిషి లేదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. సైట్ బాగుచేస్తున్నాం, బుధవారం చూడు, అన్నీ అందులో ఉంటాయని చెప్పి లేచింది.

ఓంప్రకాష్‌కు మొదట కోపం వచ్చింది. నా అక్షరాలను తీసేసి గవర్నమెంటు నోటీసులాగ చెయ్యమంటరా అన్నాడు. పద్మప్రియ వాదించకుండా, ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తెర ఆపేసి, మొదటి రోజు వచ్చిన రికార్డింగు వినిపించింది. అనసూయమ్మ ఆయనకు ఎన్నో పండగలకు భోజనం పెట్టిన మనిషి. సగంలోనే ఆయన చాలన్నట్టు చెయ్యెత్తాడు. బొమ్మలు అలాగే ఉంచి, వాటి వెనక కంటికి కనిపించకుండా యంత్రం చదివే మాటలు పెట్టవచ్చని కమలాకర్ చెప్పాక ఇద్దరూ పనిలోకి దిగారు. మైకు బటన్‌కు పేరు పెట్టారు. పంపే బటన్‌కు పేరు పెట్టారు. ఫోన్ నంబరు, పేరు రాసే చోటు, చదవాల్సిన కథ ముక్క, అన్నీ మాటలయ్యాయి. నిమిషానికే ఆగిపోయే గడువునూ తీసేశారు. పరీక్ష కోసం కమలాకర్ స్టూడియో కంప్యూటర్‌లోనూ అదే గొంతు ఎక్కించాడు. అనసూయమ్మ ఒక్కొక్క గది దీపం వేసుకుంటూ నడిచినట్టు పేజీలో కిందికి దిగింది.

మంగళవారం మధ్యాహ్నానికి ఒక్క ఫోటో మిగిలింది.

దాని వెనక ఏం రాయాలో మీరే చెప్పాలని కమలాకర్ కీబోర్డు ఆమె ముందుకు జరిపాడు. పద్మప్రియ 'అనసూయమ్మ గారి ఫోటో' అని కొట్టి ఆపింది.

"గంతేనా అక్కా?" అన్నాడు అతను. "కండ్లున్నోళ్ళకు దండ కనబడతది."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇక్కడ ఏ మాట కొడితే ఆ మాట అమ్మ అంటుంది. అన్నం తిన్నావా పద్మా అని కొడితే అలాగే అంటుంది. కొట్టాలని వేళ్ళు లాగాయి. ఏడాదిగా ఆ మాట అడిగినవాళ్ళు లేరు. కంపెనీ వాళ్ళు అడుగుతున్నది ఇదేగా, తను కాదంటున్నది ఇదేగా అనుకుంది. మెల్లగా మిగతాది కొట్టింది. కమలాకర్ మీట నొక్కాడు.

"అనసూయమ్మ గారి ఫోటో. దండ వేసి ఉంది. ఆమె ఇక లేరు," అంది అనసూయమ్మ.

కరెంటు బిల్లు చెప్పినట్టే చెప్పింది. ఆ వెంటనే, "రికార్డు చేసే బటన్," అని తర్వాతి పనిలోకి వెళ్ళిపోయింది. ఓంప్రకాష్ లేచి బయటికి నడిచాడు. కమలాకర్ తలుపు పూర్తిగా తెరిచాడు గానీ వీధి చప్పుడు లోపలికి వచ్చినా గది మామూలవడానికి చాలాసేపు పట్టింది.

బుధవారం స్ఫూర్తి నుంచి ఏమీ రాలేదు. వేరేవాళ్ళవి వచ్చాయి. ఇన్నాళ్ళూ గుమ్మం బయట నిలబడినవాళ్ళు పేర్లతో, ఊళ్ళతో లోపలికి వచ్చారు. స్టూడియో పాత రికార్డింగులు కొంటామన్న వాళ్ళు, తమ బడికి పాఠాలు చదివి పెడతారా అని అడిగిన మాస్టారు, తలుపు తట్టిందెవరో చెప్పండి చాలన్న ముసలావిడ. వర్ణిక కూడా ఫోన్ చేసింది. మీ సైట్ చూశాక మా యాప్‌లో కూడా ఎక్కడెక్కడ బటన్లకు పేర్లు లేవో వెతుకుతున్నామని చెప్పి, నెలాఖరు దగ్గరపడింది ఆంటీ అని నెమ్మదిగా గుర్తుచేసింది.

గురువారం మధ్యాహ్నం వచ్చింది. పేరు: స్ఫూర్తి, బోరబండ. నంబరు సరిగ్గా ఉంది. కమలాకర్ రికార్డింగు పెట్టాడు. ముందు దూరంగా అనసూయమ్మ గొంతు, "రికార్డు చేసే బటన్" అని. తర్వాత ఏమీ లేదు. కుట్టుమిషన్ కూడా లేదు. చాలాసేపటికి ఊపిరి పీల్చిన చప్పుడు.

"మేడం, గా మాట ఆమెనే చెప్పింది నాకు. మీరు చెప్తే నమ్మకపోతుంటి."

ఇంకొకసారి ఊపిరి. ఆ తర్వాత ఆమె కథ చదివింది. చదవడమంటే, ఆగిపోయిన ఆఖరి భాగాన్ని గుర్తున్నంత మేరకు అప్పజెప్పింది. గొంతు వేరే, సన్నగా, లేతగా ఉంది. బోరబండ యాస ఎక్కడికి పోయిందో పోయింది. ప్రతి వాక్యం అనసూయమ్మ ఎక్కడ ఆగేదో అక్కడే ఆగింది, ఎక్కడ తగ్గేదో అక్కడే తగ్గింది. కాకపోతే ఇందులో మాటకూ మాటకూ నడుమ మనిషి ఉంది. రెండో కోడలు గడియ పెట్టుకున్న చోట ఊపిరి తడబడింది. అది నటన కాదని ఇద్దరికీ తెలుసు. అయినా అంతకన్నా బాగా ఎవరూ నటించలేరు.

పద్మప్రియ అదే వర్ణికకు పంపింది. మర్నాడు కంపెనీలో అందరూ విన్నారట, సరేనన్నారట. పాత రికార్డింగులు ఇక అవసరం లేదని వర్ణిక చెప్పాక, పద్మప్రియ వాటి పెట్టె మూసి బీరువా పైకెక్కించింది.

రికార్డింగు రోజు బుచ్చమ్మ కూతుర్ని ఆటోలో తీసుకొచ్చి, మైకున్న గదిలో కూర్చోబెట్టి, తాను బయట బెంచీ మీద ఫాల్ కుట్టుకుంటూ కూర్చుంది. స్ఫూర్తి కాగితం చూసి చదవలేదు కదా. ల్యాప్‌టాప్ చెవిలో ఒక్కొక్క వాక్యం చెబుతుంటే, ఆ వెంటనే తాను అనాలి. వేరే గొంతు పెట్టుకొమ్మని పద్మప్రియ అడగబోయి ఊరుకుంది. అద్దం ఇవతలినుంచి చూస్తే, ఆ పిల్ల తలవంచి, పక్కన ఎవరో రహస్యం చెబుతుంటే వింటున్నట్టుంది. విని, ఊపిరి పీల్చి, పలికేది. కథ ముందుకు నడిచింది.

భాగం పూర్తయ్యాక బుచ్చమ్మ కూతుర్ని భోజనానికి బయటికి తీసుకెళ్ళింది. కమలాకర్ విన్నదాన్ని మళ్ళీ వింటూ ముఖం చిట్లించాడు. చెవిలో పెట్టుకున్న దాన్నుంచి చప్పుడు కొంచెం మైకులోకి జారింది. స్ఫూర్తి మాటకు ఇంచుక ముందు, అడుగున, అనసూయమ్మ గుసగుస ఉంది. మామూలు చెవికి అందదు గానీ వీళ్ళ కథలు వినే చెవులు మామూలువి కావు.

"తీసెయ్యి," అంది పద్మప్రియ. "ఆ అమ్మాయి గొంతే ఉండాలి."

అతను గంటసేపు ఓపిగ్గా ఆ రెంటినీ విడదీశాడు. స్ఫూర్తి గొంతు కడిగినట్టు శుభ్రంగా వచ్చింది. తీసేసింది వేరే గీతగా తెర మీద మిగిలింది. ఏముందో చూద్దామని దాన్ని పెంచి పెట్టాడు. నూతిలోంచి వచ్చినట్టు గరగరలాడుతూ, అనసూయమ్మ తాను బతికుండగా చదవని భాగాన్ని మొదటినుంచి చదువుకుంటూ పోతోంది.

కమలాకర్ వేలు మీట మీద పెట్టి, ఆమె వంక చూడకుండా అడిగాడు.

"డిలీట్ చెయ్యాల్నా అక్కా?"

నువ్వు కూడా వెళ్ళి వాళ్ళతోపాటు నాలుగు మెతుకులు తినిరా అంది పద్మప్రియ. అతను వెళ్ళి, తలుపు దగ్గరగా వేశాడు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, భాగం అయిపోయేదాకా విని, దాన్ని తన చేత్తోనే తీసేసింది.